హైదరాబాద్ స్కూలు రగ్బీ జట్టును శ్రీలంక టూర్‌కు తీసుకెళ్లాలంటే

టూర్ అనుకోగానే చాలా స్కూళ్లలో ముందు విమానం టికెట్ల ధరలు చూస్తారు. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. మన పిల్లలు ఎవరితో ఆడబోతున్నారు, ఆ ఆటకు వాళ్ల మెడలూ భుజాలూ తయారుగా ఉన్నాయా? ఇది తేలకుండా డబ్బు కట్టేస్తే, కుదిరిన మ్యాచ్ ఎంత ప్రమాదంగా ఉన్నా వెనక్కి తగ్గడం ఎవరి తరమూ కాదు.

మొదటి విదేశీ టూర్‌కు శ్రీలంక అన్ని విధాలా అనువైన చోటు. ప్రయాణం తక్కువ, గడియారం మార్చుకోవాల్సిన పని లేదు, అన్నం దొరుకుతుంది. పైగా అక్కడ స్కూలు రగ్బీ అంటే ఊరంతా కదిలే ఆట. కొలంబో రాయల్ కాలేజీ, క్యాండీ ట్రినిటీ కాలేజీ బ్రాడ్‌బీ షీల్డ్ కోసం 1945 నుంచి తలపడుతున్నాయి. ఒక మ్యాచ్ కొలంబోలో, ఒకటి క్యాండీలో, రెండింటి స్కోరూ కలిపి విజేతను తేలుస్తారు. అలాంటి వాతావరణంలో చిన్నప్పటి నుంచీ బంతి పట్టిన పిల్లలు అవతల ఉంటారు. మన జట్టులో చాలామంది కబడ్డీ నుంచో పరుగు పందేల నుంచో వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. టూర్ ప్లాన్ అంతా ఈ తేడాను లెక్కలో పెట్టుకునే వేయాలి.

కింద చెప్పేదంతా 16 ఏళ్ల లోపు అబ్బాయిల జట్టుకు వేసిన లెక్క: 24 మంది ఆటగాళ్లు, నలుగురు పెద్దలు (మేనేజర్, ఇద్దరు కోచ్‌లు, ఒక ఫిజియో), 11 రోజులు, 3 మ్యాచ్‌లు. అమ్మాయిల జట్టయితే ఆ నలుగురిలో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. శ్రీలంక స్కూళ్ల రగ్బీ సీజన్ మామూలుగా మార్చిలో మొదలై ఏడాది మధ్య దాకా నడుస్తుంది. రెండూ కలిసే చోటు మే నెల మొదటి సగం. మే చివరికి నైరుతి వానలు కొలంబో వైపు దిగుతాయి, గ్రౌండ్లు బురదవుతాయి.

మేలో ఒక చిక్కుంది. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ పోయా సెలవు. ఆ రోజు మద్యం, మాంసం దుకాణాలు మూసేస్తారు, ఆటలు పెట్టుకోరు. మే పౌర్ణమి వెసాక్, వాళ్లకు ఏడాదిలోకెల్లా పెద్ద పండగ. రోడ్ల నిండా దీపాలూ తోరణాలూ, జనం, ట్రాఫిక్. మన పంచాంగంలో వైశాఖ పౌర్ణమి ఏ తేదీన పడిందో చూసుకుని, దానికి ముందూ వెనకా రెండేసి రోజులు మ్యాచ్ లేకుండా వదిలేయండి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల కొత్త సంవత్సరం కాబట్టి ఆ వారం ఉత్తరాలకు జవాబులు కూడా రావు.

పని మొదలుపెట్టాల్సింది సెప్టెంబర్‌లో. ఎనిమిది నెలలు ఎక్కువేమీ కాదు. పాస్‌పోర్టులకూ మెడల తయారీకీ అంత టైమూ కావాలి.

మ్యాచ్‌లు కుదుర్చుకునే ఉత్తరం

శ్రీలంక స్కూళ్లలో ఆట బాధ్యత చూసే టీచరును మాస్టర్ ఇన్ ఛార్జ్ అంటారు. ప్రిన్సిపాల్ పేరున ఉత్తరం రాసి, ఆయనకు కాపీ పంపండి. ఈ ఉత్తరంలో గొప్పలు రాయకూడదు. ఉన్నది ఉన్నట్టు రాయండి: పిల్లల పుట్టిన తేదీలు ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఫార్వర్డ్‌ల (ముందుండి బలంతో ఆడే ఎనిమిది మంది) బరువులు, ఒక్కొక్కరు ఎన్నేళ్లుగా ఆడుతున్నారు, 15 మంది ఆట ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు వంగి, గుంపుగా ఒకరినొకరు నెట్టుకోవడం) ఎంత అలవాటు. మన దగ్గర చాలా స్కూళ్లు ఏడుగురి ఆటే ఆడతాయి. అదీ రాయండి. ఇక్కడ దాచిన ప్రతి లోపం అక్కడ ఒక పిల్లవాడి ఒంటి మీద బయటపడుతుంది.

వాళ్ల మొదటి జట్టును అడగొద్దు. రెండో జట్టు, మూడో జట్టు, లేదా ఒక ఏడాది చిన్న వయసు జట్టు అడగండి. దీంట్లో చిన్నతనం ఏమీ లేదు. ఏకపక్షమైన మ్యాచ్‌లో చివరి ఇరవై నిమిషాలూ ప్రమాదం. అలసిపోయిన పిల్లవాడు నడుము వంచడు, నిలబడే ట్యాకిల్‌కు (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడానికి) వెళతాడు, తల తప్పు పక్కన పెడతాడు.

కింది సంగతులు మాట మీద వదిలేయకుండా కాగితం మీద రాయించుకోండి.

- ఒక్కో సగం ఎన్ని నిమిషాలు. అండర్-19 నిబంధనల్లో సగానికి 35 నిమిషాలు మించకూడదు. 16 ఏళ్ల లోపు వాళ్లకు 30 అడగండి, ప్రతి సగం మధ్యలో నీళ్ల విరామం పెట్టించండి.
- స్క్రమ్‌లో నెట్టుడు ఉంటుందా, లేదా. ఉంటే అండర్-19 నిబంధన ప్రకారం ఒకటిన్నర మీటరు దాటి నెట్టకూడదు.
- ట్యాకిల్ ఎత్తు. చాలా దేశాల్లో స్కూలు, క్లబ్ ఆటల్లో ఎత్తును భుజాల నుంచి రొమ్ము ఎముక కిందికి దించారు. అక్కడ ఆ సీజన్‌లో ఏది నడుస్తోందో అడిగి, ఇక్కడ అదే ప్రాక్టీసు చేయించండి.
- బయటికి వచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి వెళ్లొచ్చా.
- గ్రౌండ్ దగ్గర డాక్టరు, అంబులెన్స్ ఉంటాయా. రిఫరీని ఎవరు పంపుతారు.

మొదటి మ్యాచ్ పది మంది ఆట అయితే మంచిది. ప్రయాణం బడలిక తీరని పిల్లలకు అది సరిపోతుంది, స్క్రమ్‌లో భారమూ తక్కువ.

స్కూలుకూ స్కూలుకూ మధ్య ఉత్తరాలు నడిచినంత మాత్రాన సరిపోదు. రాష్ట్ర సంఘం ద్వారా రగ్బీ ఇండియాకు (మన దేశ రగ్బీ సంఘం) దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి, అటువైపు శ్రీలంక రగ్బీ సంఘానికి ఆతిథ్య స్కూలు తెలియజేయాలి. అనుమతి లేని మ్యాచ్‌కు రిఫరీ రాకపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, గాయమైతే ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి కాగితం ఇదే. ప్రభుత్వ స్కూలు, గురుకుల ఉపాధ్యాయులు విదేశానికి వెళ్లాలంటే శాఖ నుంచి ఎన్ఓసీ కావాలి. ఆ ఫైలు పాస్‌పోర్టు కంటే నెమ్మదిగా నడుస్తుంది.

ముందు వరుస ఆరుగురు

జట్టు ఎంపికలో అందరూ తప్పుచేసే చోటు ఇదే. 24 మందిని వేగం చూసి ఎంచుకుంటారు. స్క్రమ్‌లో ఎదుటి జట్టుతో భుజాలు కలిపే ముందు వరుసకు ముగ్గురు, మహా అయితే నలుగురు ఉంటారు. 15 మంది ఆటలో, మార్పిడి ఆటగాళ్లతో కలిపి మ్యాచ్ జట్టు 19 నుంచి 22 మంది అయితే ముందు వరుసలో ఆడగలిగినవాళ్లు కనీసం ఐదుగురు ఉండాలి, 23 మంది అయితే ఆరుగురు. అండర్-19లో 22 మందికే ఆరుగురు కావాలి. టూర్‌లో ఒకరికి జ్వరం, ఒకరికి మడమ బెణుకు వస్తే నాలుగు రెండవుతుంది. అప్పుడు బలంగా కనిపించే వింగర్‌ను (గ్రౌండ్ అంచున పరిగెత్తేవాణ్ని) ప్రాప్‌గా (ముందు వరుసలో పక్కన ఉండేవాడిగా) నిలబెట్టాలనిపిస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయొద్దు. స్క్రమ్ కూలినప్పుడు నేర్చుకోని మెడ మీద పదిహేను మంది బరువు పడుతుంది. ముందు వరుస సరిపోకపోతే నెట్టుడు లేని స్క్రమ్ అడగండి, ఎవరూ కాదనరు.

ఆ ఆరుగురికి 12 వారాల తయారీ కావాలి. రోజూ మెడ కసరత్తు: జోడీ అరచెయ్యి నుదుటికి ఆనించి నెడితే పిల్లవాడు తల కదలకుండా ఎదురు నిలవాలి. 10 సెకన్లు చొప్పున ముందు, వెనక, కుడి, ఎడమ, ఐదేసి సార్లు. తల ఊగించే కసరత్తులు వద్దు. మొదట ఒకరికొకరు, తర్వాత ముగ్గురికి ముగ్గురు, ఆ తర్వాతే ఎనిమిది మంది స్క్రమ్. ‘క్రౌచ్, బైండ్, సెట్’ పిలుపులు ఇంగ్లీషులోనే, రిఫరీ ఇచ్చే ఎడంతోనే చెప్పండి. అక్కడికి వెళ్లాక పిల్లలు ‘బైండ్’ వినగానే కదిలిపోయే అలవాటు ఇక్కడ పిలుపులు తొందరగా ఇచ్చినందువల్లే వస్తుంది.

కబడ్డీ నుంచి వచ్చిన పిల్లల ట్యాకిల్‌ను దగ్గర నుంచి చూడండి. చీలమండ మీదికి దూకుతారు, ధైర్యానికి లోటుండదు, కానీ తల పరిగెత్తేవాడి మోకాళ్ల ముందుకు వస్తుంది. మోకాలు తగిలేది కణతకే. మార్చాల్సింది ఒక్కటే: తల ఎప్పుడూ ఎదుటివాడి వెనక పక్కన, మన చెంప వాడి పిరుదుకు ఆనాలి, చూపు పైకి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి నడిచివచ్చే పిల్లవాడితో మొదలుపెట్టండి. కుడి భుజంతో ఎన్ని చేస్తే ఎడమ భుజంతోనూ అన్నే చేయించండి. ఎడమ పక్క బలహీనత అవతలి జట్టు పది నిమిషాల్లో పసిగడుతుంది.

వరల్డ్ రగ్బీ (ఆటను ప్రపంచమంతటా నడిపే సంస్థ) వాళ్ల ‘యాక్టివేట్’ వార్మప్‌లో వయసుల వారీగా వ్యాయామాలు ఉన్నాయి, ఉచితం. వారానికి మూడుసార్లు చేయిస్తేనే ఫలితం. మ్యాచ్ రోజు మాత్రమే చేయిస్తే పెద్ద ఉపయోగం లేదు. నలుగురు పెద్దలూ వాళ్ల కన్‌కషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలి, మేనేజర్‌తో సహా.

పేర్లు, కాగితాలు

తెలుగు పిల్లల కాగితాల్లో ఇంటిపేరే పెద్ద తలనొప్పి. స్కూలు రిజిస్టర్‌లో ‘కె. సాయి చరణ్’, ఆధార్‌లో ‘సాయి చరణ్ కొత్తపల్లి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. టికెట్, వీసా, ఇన్సూరెన్స్ మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. స్కూలు రిజిస్టర్ చూసి జాబితా టైపు చేయొద్దు. పాస్‌పోర్టు ఫోటో పేజీ స్కాన్ చేసి, అందులోంచే ఎక్కించండి. ఒకరు చదవాలి, ఇంకొకరు సరిచూడాలి. పది మంది దాటితే ఎయిర్‌లైన్స్ గ్రూప్ బుకింగ్ ఇస్తాయి, పేర్లు తర్వాత ఇచ్చే వీలూ ఉంటుంది. పాస్‌పోర్టులన్నీ చేతికి వచ్చేదాకా పేర్లు ఇవ్వకండి.

మైనర్ల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ అనెక్షర్-డి మీద సంతకం చేయాలి. ఒకరి సమ్మతి దొరకని ఇళ్లలో అనెక్షర్-సి పెడతారు. అలాంటి పిల్లలు ఎవరో సెప్టెంబర్‌లోనే, మిగతావాళ్ల ముందు కాకుండా విడిగా పిలిచి తెలుసుకోండి. మైనర్ పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. పదేళ్ల వయసులో తీసుకున్నది సరిగ్గా ఇప్పుడు గడువు తీరుతూ ఉంటుంది. దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

శ్రీలంక ఈటీఏ (ముందుగా తీసుకునే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, అలాంటి పేర్లతో కమీషన్ తీసుకునే సైట్లు చాలా ఉన్నాయి. ఫీజులు, మినహాయింపులు తరచుగా మారుతుంటాయి కాబట్టి బుకింగ్ ముందొకసారి, ప్రయాణానికి నెల ముందొకసారి చూడండి. ప్రతి పిల్లవాడికీ నోటరీ చేయించిన తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉండాలి. టీచరుతో ప్రయాణానికి ఒక పేరా, అత్యవసర వైద్యానికి, ఆపరేషన్‌కు ఇంకో పేరా. ఆస్పత్రి వాళ్లు అడిగేది రెండో పేరానే.

ఏజెంటు విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే టీసీఎస్ (ఏజెంటు ముందుగానే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. బిల్లు స్కూలు పాన్ మీద వేయిస్తే ఆ సొమ్మును తల్లిదండ్రులు తమ రిటర్నులో చూపుకోలేరు. ఎవరి బిల్లు వాళ్ల పాన్ మీద వేయించండి.

ఇన్సూరెన్స్ పాలసీలో ‘కాంటాక్ట్ స్పోర్ట్స్’ మినహాయింపు ఉందేమో చూడండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఉంటుంది. ‘స్పోర్ట్స్ కవర్ ఉంది’ అని ఏజెంటు నోటిమాట చెబితే చాలదు. రగ్బీ అనే మాట పాలసీలో రాసి ఉండాలి, రోగిని ఇంటికి తరలించే ఖర్చూ ఉండాలి.

బ్యాగులు

రగ్బీ బంతులు పది తీసుకెళ్తే ఒక పెద్ద సంచి నిండిపోతుంది. సైజు 5 బంతుల్లో గాలి తీసి, ఒకదాంట్లో ఒకటి గిన్నెల్లా ఒదిగేట్టు నొక్కి పెడితే ఆ చోటు సగానికి తగ్గుతుంది. సూది గుచ్చేముందు దానికి చుక్క గ్లిజరిన్ రాయండి, లేకపోతే లోపలి వాల్వ్ చిరుగుతుంది. అక్కడ 9.5 నుంచి 10 పీఎస్ఐ దాకా నింపాలి. ప్రెజర్ గేజ్ లేకుండా బొటనవేలితో నొక్కి చూసి నింపితే ఎక్కువైపోతుంది, బంతి రాయిలా గట్టిపడి చేతిలోంచి ఎగిరిపోతుంది. పంపు, సూదులు, కత్తెర, బూట్ల ఇనుప స్టడ్లు (అడుగున బిగించే ముళ్లు), వాటిని బిగించే తాళం, అన్నీ చెక్-ఇన్ లగేజీలోనే.

స్టడ్ పొడవు 21 మిల్లీమీటర్లు దాటకూడదు, అంచులు గీరుకోకూడదు. రిఫరీ మ్యాచ్ ముందు అరికాళ్లు ఎత్తించి వేలితో తడిమి చూస్తాడు. హెడ్‌గార్డ్, భుజం ప్యాడ్లు ఒక సెంటీమీటరు మందం దాటకూడదు, వాటి మీద వరల్డ్ రగ్బీ ముద్ర ఉండాలి. మౌత్‌గార్డ్ లేనివాడు ఆడడు. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికే రకమైతే నెల ముందే తయారుచేసి ప్రాక్టీసులో వాడించండి. కొత్తది పెట్టుకుని మ్యాచ్‌కు దిగితే ఊపిరాడక పిల్లలు దాన్ని సాక్సులో దాచేస్తారు. పళ్లకు క్లిప్పులున్నవాళ్లకు డెంటిస్టు దగ్గర కొలత ఇచ్చి చేయించాలి.

జెర్సీలు రెండు సెట్లు, నంబరు లేనివి అదనంగా రెండు. రక్తం అంటిన జెర్సీతో ఆడనివ్వరు. మందుల పెట్టెలో గట్టి టేపు 12 రోల్స్, క్రేప్ బ్యాండేజీలు 8, మడతపెట్టే స్ప్లింట్లు 2, గ్లవ్స్ డబ్బా, గాజ్ గుడ్డ, సెలైన్, వాసెలీన్, పారాసెటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు 60. ఎవరికైనా ఇన్‌హేలర్ ఉంటే ఒకటి పిల్లవాడి దగ్గర, ఒకటి ఫిజియో దగ్గర, ప్రిస్క్రిప్షన్‌తో సహా. ఆవకాయ సీసా తప్పనిసరి అనుకుంటే చెక్-ఇన్‌లో, రెండు కవర్లలో చుట్టి.

11 రోజుల నడక

1వ రోజు ప్రయాణం, 2న తేలికపాటి ప్రాక్టీసు. 3న కొలంబోలో మొదటి మ్యాచ్. 5న క్యాండీ, 6న రెండో మ్యాచ్. 8న కొలంబో, 9న మూడో మ్యాచ్. 10 ఖాళీ, 11 ఇంటికి. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య 72 గంటలు తగ్గనివ్వకండి, ఎవరు స్నేహంగా ఇంకొక మ్యాచ్ అడిగినా సరే. పదో రోజు ఖాళీగా ఉంచడానికీ కారణముంది. ఎముక విరిగి సిమెంట్ కట్టు వేస్తే, లోపల వాపు పెరుగుతుందని 24 నుంచి 48 గంటల దాకా ఎయిర్‌లైన్స్ అలాగే ఎక్కనివ్వవు, కట్టును నిలువునా చీల్పించుకు రమ్మంటాయి.

కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు. బస్సులో మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. మ్యాచ్ రోజు ఆ ప్రయాణం పెట్టొద్దు. 28 మందికి 33 సీట్ల బస్సు సరిపోతుందనుకోకండి, కిట్ బ్యాగులకే పది సీట్లు కావాలి.

బస స్కూలు హాస్టల్‌లో అయితే అందరూ ఒకచోట ఉంటారు. ఆతిథ్య కుటుంబాల ఇళ్లలో ఉంచడం రగ్బీలో పాత సంప్రదాయం. అలా చేస్తే ఇంటికి ఇద్దరు చొప్పున పంపండి, ఒక్కణ్ని ఎప్పుడూ పంపొద్దు. ప్రతి రాత్రి 9 గంటలకు ఇద్దరూ మేనేజర్‌కు ఫోన్ చేయాలి.

శాకాహారి పిల్లలుంటే ఒక మాట ముందే నేర్పండి: ఉంబలకడ. అంటే ఎండబెట్టిన చేప పొడి. కొబ్బరి సంబోల్‌లో, కూరగాయల కూరల్లో కూడా వేస్తారు. ‘వెజిటేరియన్’ అంటే సరేనని అదే వడ్డిస్తారు, వాళ్ల తప్పేం కాదు. ‘ఉంబలకడ వద్దు’ అని చెబితే సమస్య ఉండదు. ఇడియాప్పం, అప్పం, పప్పు, అన్నం పిల్లలకు బాగా నచ్చుతాయి. మ్యాచ్‌కు మూడు గంటల ముందు కొబ్బరిపాల కూరలు మాత్రం పెట్టొద్దు, బరువవుతాయి.

ఉక్కపోత

హైదరాబాద్ మే ఎండ 40 దాటినా పొడి ఎండ, చెమట ఆరుతుంది. కొలంబోలో 31 డిగ్రీలే ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మన పిల్లలు ‘ఇక్కడ చల్లగా ఉంది సార్’ అంటూనే రెండో సగంలో కాళ్లు పట్టేసి కూలబడతారు. ఆటగాడికి రోజుకు మూడు లీటర్లు, అంటే మ్యాచ్ రోజున 20 లీటర్ల క్యాన్లు నాలుగు. లీటరు నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, సగం నీళ్లలో కలపొద్దు. ఆటకు ముందూ తర్వాతా బరువు తూచండి. కిలో తగ్గితే లీటరున్నర ద్రవం రాత్రిలోగా తాగించాలి.

దెబ్బ తగిలితే

తలకు దెబ్బ అనుమానం వస్తే పిల్లవాడు బయటికి రావాలి, మళ్లీ లోపలికి వెళ్లడు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. బయట కూర్చోబెట్టి వాడి ఇంటి భాషలో అడగండి: ‘ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి ట్రై (బంతిని గోల్ లైన్ అవతల నేలకు ఆనించడం) ఎవరిది? పోయిన మ్యాచ్ గెలిచామా?’ ఒక్కటి తప్పినా కన్‌కషన్ కిందే లెక్క. అన్నీ సరిగ్గా చెప్పినా సరే, ఆ రోజుకు వాడి ఆట అయిపోయింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు కనీసం మూడు వారాల విరామం కావాలి కాబట్టి టూర్ కూడా అయిపోయింది. ఈ సంగతి బయలుదేరే ముందే పిల్లలకూ తల్లిదండ్రులకూ చెప్పి ఉంచాలి, లేకపోతే తలనొప్పి దాచేస్తారు. ఆ రాత్రి ఒక పెద్దవాళ్లు వాడి గదిలోనే పడుకోవాలి. వాంతి, పెరిగే తలనొప్పి, ఫిట్స్, లేపినా లేవని మత్తు, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి.

మెడ నొప్పి అన్నా, చేతుల్లో తిమ్మిరి అన్నా పిల్లవాణ్ని కదపొద్దు, హెడ్‌గార్డ్ తీయొద్దు. తలను రెండు చేతులతో అలాగే పట్టుకుని 1990కి ఫోన్ చేయండి. శ్రీలంకలో ఉచిత అంబులెన్స్ నంబరు అది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన మన 108 నమూనాలోనే, భారత ప్రభుత్వ సాయంతో 2016లో అక్కడ ఏర్పాటైంది.

ఏ గాయమైనా ముందు ఆ పిల్లవాడి ఇంటికి ఫోన్ వెళ్లాలి, ఆ తర్వాతే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాట. గ్రౌండ్ నుంచి పిల్లలు ఫోటోలు పంపకుండా మ్యాచ్ ముందే ఫోన్లన్నీ ఒక సంచిలో వేయించండి.

మ్యాచ్ తర్వాత

గెలిచినా ఓడినా రెండు వరుసలుగా నిలబడి ఎదుటి జట్టును చప్పట్లతో మధ్యలోంచి పంపాలి. భోజనం దగ్గర రెండు జట్లూ కలిసి కూర్చుంటాయి, కెప్టెన్ రెండు నిమిషాలు మాట్లాడాలి. తెలుగులో మాట్లాడి, తోటివాడు ఇంగ్లీషులో చెప్పినా బాగుంటుంది. ఇచ్చే కానుక ప్లాస్టిక్ షీల్డు వద్దు. పోచంపల్లి నేత కండువా, చేర్యాల ముఖం బొమ్మ వాళ్ల గోడ మీద నిలుస్తాయి. క్యాండీ దంత మందిరంలో మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు. పిల్లలకు ఇది బస్సు దిగేముందు ఇంకోసారి చెప్పండి.

తిరిగొచ్చిన వారంలో వాళ్లను మన దగ్గరికి పిలుస్తూ ఉత్తరం రాయండి. పిలుపు డిసెంబర్, జనవరికి పెట్టుకుంటే మంచిది, వాతావరణం హాయిగా ఉంటుంది. అయితే అప్పటికి మన గ్రౌండ్లు ఎర్రమట్టి గట్టిపడి సిమెంటులా ఉంటాయి, వాళ్లు పచ్చికలో ఆడేవాళ్లు. దసరా సెలవుల నుంచే నీళ్లు కట్టడం మొదలుపెట్టి, రాళ్లు ఏరించి, గోల్ లైన్ల దగ్గరన్నా గడ్డి పట్టేలా చూడండి.